డొంకరాయి బాకీ

పట్టణమున నాలుగెకరముల పొలమును చదును చేయించి, హద్దురాళ్లు పాతించి, ఇండ్లస్థలములుగా అమ్మదలచిన పెద్దమనిషి మొట్టమొదట పురపాలకసంఘపు కచేరీ మెట్లెక్కవలయును. అచట అతడు అభివృద్ధి రుసుము చెల్లించును, బెటర్‌మెంటు ఛార్జీలు చెల్లించును. భాగ్యనగరమున పదునైదు మీటర్లకు మించిన మేడ కట్టువాడు మౌలికవసతుల భారమునకై వేరొక రుసుము చెల్లించవలయునని 2006 సంవత్సరపు గృహనిర్మాణ నిబంధనలు శాసించినవి. ఇది అన్యాయమని గోలపెట్టిన పౌరుని మేమెరుగము. ఏలయన, దీనియందలి న్యాయము పామరునకును బోధపడునట్టిది. నూరు కొత్త ఇండ్లు వెలసినచో నూరిండ్ల నీరు, నూరిండ్ల మురుగు, నూరిండ్ల బండ్లరాకపోకలు వెంటనంటియే వచ్చును. వానికి వలసిన కాలువను, బాటను, గొట్టమును పాత ఊరివారి సొమ్ముతో వేయించి, లాభమును కొత్త వ్యాపారి మూటగట్టుకొని పోవుట ధర్మము కాదు. భారము తెచ్చినవాడే భారములో పాలు మోయవలెను. పట్టణమున మనమందరమును తలయూచి అంగీకరించిన సూత్రమిది.

ఇట్టి సూత్రము కొండయెక్కునప్పటికి ఏలనో ఊపిరాడక చచ్చిపోవుచున్నది. దానికి డొంకరాయియే సాక్షి.

చదువరులలో పెక్కుమందికి డొంకరాయి ఒక పేరు మాత్రమే. వేసవియందు గోదావరి డెల్టా దాళ్వాచేలు ఎండుచున్నపుడు "సీలేరు నీరు వదలిరి" అను వార్త పత్రికలో కానవచ్చును. ఆ నీటి దారిలోనిదే యీ డొంకరాయి. తూర్పుకనుమల నడుమ, ఏజెన్సీ గర్భమున, సీలేరు నదికి అడ్డముగా నిలిచిన ఆనకట్ట అది. ఎగువన మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము 1955లో పనిచేయ నారంభించెను. దాని శక్తి 120 మెగావాట్లు. దానికి దిగువ ఎగువ సీలేరు కేంద్రము 1967లో మొదలై నేడు 240 మెగావాట్ల శక్తితో నున్నది. ఆ యంత్రములను త్రిప్పిన నీరే డొంకరాయి జలాశయమును చేరును. అచట 25 మెగావాట్ల కేంద్రమొకటి గలదు. అచటినుండి కాలువ మార్గమున పోయి మోతుగూడెపు చెంత దిగువ సీలేరు కేంద్రమున 460 మెగావాట్ల యంత్రములను త్రిప్పును. పిమ్మట ఆ నీరే శబరిలో కలసి, గోదావరిని చేరి, కోనసీమ వరిచేలను తడుపును. ఒకే నీటిబొట్టు నాలుగుమారులు దీపము వెలిగించి, అయిదవమారు అన్నము పెట్టుచున్నది. ఇంతటి ఉపకారిణి మన రాష్ట్రమున మరియొక నది గలదేమో చదువరులే యోచింపుడు.

ఈ నాలుగు కేంద్రముల శక్తిని కూడిన 845 మెగావాట్లగును. ఈ దీపములు విశాఖలో వెలుగుచున్నవి, రాజమహేంద్రవరములో వెలుగుచున్నవి, మన పఠనమందిరములో ఈ పత్రికపై పడుచున్న వెలుగులోను సీలేటి పాలుండవచ్చును. మరి ఆ నది పుట్టినిల్లైన కొండలలో సంగతి యేమి? ప్రసవవేదన పడు స్త్రీని కావడిబద్దకు డోలీ కట్టి, వాగులు దాటించి, ఆసుపత్రి బండి నిలుచు తావునకు మోసికొనిపోవు వార్త ఏజెన్సీనుండి ఏటేట వచ్చుచునే యున్నది. నూరేండ్లనాటి వార్త కాదిది. అల్లూరి సీతారామరాజు పేర 2022లో జిల్లా వెలసిన పిదపను వచ్చిన వార్త. దీపము క్రింద చీకటి యను సామెతకు ఇంతకంటె నిలువెత్తు నిదర్శనము వలయునా? గోరంత దీపము కొండంత వెలుగు నిచ్చునందురు. ఇచట కొండంత దీపము, కొండకు మాత్రము గోరంత వెలుగు!

"కొండవారు ఏమి చెల్లించిరి గనుక అడుగుచున్నా"రని ప్రశ్నించువారు గలరు. వారు చరిత్ర పుటలను కొంచెము వెనుకకు త్రిప్పి చూతురుగాక. 1879లో రంపదేశపు ప్రజలు తిరుగబడినది చిగురుపన్ను మూలముననే కదా! తమ చెట్టుకు తాము గీచుకొన్న కల్లుపై పన్ను కట్టుమన్నపుడు వారి ఓరిమి తెగినది. 1922లో గూడెము కొండలలో అగ్గి రగుల్కొనుటకు అటవీచట్టముల బాధ యొక కారణమైన, రోడ్డుపని మరియొక కారణము. నర్సీపట్టణమునుండి లంబసింగికి బాట వేయించుటలో గూడెము డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవారిచేత చాకిరి చేయించుకొని కూలి సరిగా నీయడయ్యెను. ఆ యేడు ఆగస్టు 22న చింతపల్లి, మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి పోలీసుఠాణాలపై పడి శ్రీరామరాజు తుపాకులు గైకొనెను. 1924 మే 7న కొయ్యూరు చెంత ఆ వీరుడు నేలకొరగెను. ఈ గాథను మనము సభలలో చెప్పుకొని చప్పట్లు కొట్టుదుము. విగ్రహములకు దండలు వేయుదుము. కాని ఆ తిరుగుబాటునకు మూలమైన ప్రశ్న ఏమి? "మా నేలపై మీ అవసరమునకు వేయు బాటకు మేమేల మూల్యము చెల్లించవలయు" నన్నదియే కదా! కొండవాడు మౌలికవసతుల రుసుమును ఎన్నడో, ఎముకలు విరుగునట్లు, కూలి లేని చాకిరిగా చెల్లించినాడు. రసీదు మాత్రము ఎవ్వరును ఈయలేదు.

స్వరాజ్యము వచ్చెను. ఆనకట్టలు లేచెను. దేశమునకు విద్యుత్తు వలయును, పంటకు నీరు వలయును. కనుక ఆనకట్టలు కట్టుట తప్పని మేమనము. ఆ నీటిచే బ్రదుకు డెల్టాలో పుట్టిన వారమే మనలో పెక్కుమంది. మా వాదము వేరు. ఆనకట్ట వలన కలిగిన లాభములో ఆ తావునకు నియతమైన పాలు, కాగితముపై వ్రాసి, ఏటేట లెక్కచెప్పి, చెల్లింపబడవలయునా వలదా? ప్రశ్న ఇంతియే.

ఈ ప్రశ్నకు కేంద్ర ప్రభుత్వమే ఒకప్పుడు సరియైన సమాధానము చెప్పినది. 2008 సంవత్సరపు జలవిద్యుద్విధానమున, ప్రాజెక్టు వెలసిన రాష్ట్రమునకు నూటికి 12 పాళ్లు ఉచిత విద్యుత్తు చెల్లవలెనని యుండగా, దానిపై మరి నూటికి ఒక పాలు స్థానికప్రాంత అభివృద్ధి నిధికై ఈయవలెనని చేర్చిరి. రాష్ట్రము తన 12 పాళ్లలో నుండి మరియొక పాలు ఆ నిధికి జతచేయవలెననిరి. ప్రాజెక్టు వలన బాధపడిన ఒక్కొక్క కుటుంబమునకు పదేండ్లపాటు నెలకు నూరు యూనిట్ల విద్యుత్తును గూడ నిర్ణయించిరి. ప్రాజెక్టు బ్రదికియున్నంతకాలము ఆ తావున బాటలు, ఉమ్మడి వసతులు, జీవనోపాధులు సాగుటకు ఆ నిధి ఉద్దేశింపబడినది. మంచిదే. కాని సీలేటి యంత్రములు ఆ విధానము పుట్టుటకు ఎంతయో పూర్వమే తిరుగ నారంభించినవి. డొంకరాయి కేంద్రము 1983 నాటిది. కొత్త ప్రాజెక్టులకై చేసిన నియమము పాత బాకీని ముట్టలేదు.

పాతది పోనిండు, కొత్తది వచ్చుచున్నది గదా యందుమా? నిజముగనే వచ్చుచున్నది. ఎగువ సీలేటి చెంత 1350 మెగావాట్ల పంపుడ్ స్టోరేజి కేంద్రమును ఆంధ్రప్రదేశ్ జెన్కో తలపెట్టినది. ఒక్కొక్కటి 150 మెగావాట్ల శక్తిగల తొమ్మిది యంత్రములట. దీని తీరు చదువరులకు రెండు మాటలలో విన్నవించెదము. ఎగువన గుంటవాడ జలాశయము, దిగువన డొంకరాయి జలాశయము. పగలు సూర్యరశ్మి విద్యుత్తు చౌకగా దొరకునపుడు ఆ విద్యుత్తుతో దిగువనీటిని ఎగువకు తోడుదురు. సాయంసమయమున పట్టణములయందు దీపములు, యంత్రములు ఒక్కుమ్మడి విద్యుత్తు కోరునపుడు ఆ నీటిని దిగువకు విడిచి విద్యుత్తు పుట్టింతురు. నీటిని కొలనులో దాచినట్లు విద్యుత్తును కొండపై దాచుట యన్నమాట. యుక్తి మంచిది. రానున్నకాలమున ఇట్టివి లేనిదే సూర్యవిద్యుత్తు రాత్రికి ఉపయోగపడదు. డొంకరాయి గుంట దేశమునకు విద్యుద్గాదె కాబోవుచున్నది.

గాదె కట్టినవాడు స్థలమిచ్చినవానికి ఏమిచ్చును? ఏమియు నీయనక్కరలేదని 2023 ఏప్రిలులో కేంద్ర విద్యుచ్ఛాఖ సెలవిచ్చినది. పంపుడ్ స్టోరేజి ప్రాజెక్టులకై వెలువరించిన ఆ మార్గదర్శకసూత్రములలో ఉచిత విద్యుత్తు బాధ్యతను తొలగించిరి. రాష్ట్రములు ముందస్తు ప్రీమియము పుచ్చుకొనరాదనిరి. స్థానికప్రాంత అభివృద్ధి నిధి భారమును గూడ ఎత్తివైచిరి. ఇట్టి ప్రాజెక్టుల వలన పర్యావరణమునకు హాని అత్యల్పమనియు, పునరావాస సమస్యలు లేవనియు హేతువు చెప్పిరి. నూటికి ఒక పాలు! ఆ ఒక్క పాలును కూడ వలదనిరి. దేవుడు వరమిచ్చినను పూజారి ఈయడందురు. ఇచట దేవుడే ఇచ్చిన వరమును దేవుడే తిరిగి లాగికొన్నాడు.

ఆ హేతువులను కొంచెము పరీక్షింతము. మొదటిది: ఈ కేంద్రము నికరముగా విద్యుత్తును పుట్టించునది కాదు, తినునది, కనుక ఉచిత విద్యుత్తు అడుగుట తగదు. నిజమే. నూరు యూనిట్లు మ్రింగి ఇంచుమించు డెబ్బదియైదు మొదలు ఎనుబది యూనిట్లు తిరిగి యిచ్చు యంత్రమునుండి ఉచిత విద్యుత్తును కోరుట సబబు కాకపోవచ్చును. మేము ఆ వాదము నొప్పుకొందుము. కాని మేమడుగునది విద్యుత్తులో పాలు కాదు, భారములో పాలు. గాదెలో ధాన్యము పండదు. అయినను గాదెకు అద్దె లేదా? చౌకవేళ కొని ప్రియమైన వేళ అమ్ముటలో లాభము లేనిచో ప్రైవేటు కంపెనీలు ఇట్టి ప్రాజెక్టులకై కొండల వెంట ఏల తిరుగుచున్నవి? ఎర్రవరము, పెదకోట మొదలగు చోట్ల ఇట్టి ప్రాజెక్టుల మాట వినిన గిరిజనులు నిరసన తెలుపుటకు వీధికి వచ్చిరనునది పత్రికలెరిగిన విషయమే.

రెండవ హేతువు: స్థానికులకు హాని స్వల్పము. ఏ కొలబద్దతో కొలిచిరి? జలాశయములు రెండును పాతవే కావచ్చును. కాని వాని నడుమ కొండను తొలిచి సొరంగములు వేయవలయును. నేలలోపల యంత్రశాల కట్టవలయును. మందుగుండు పేలవలయును, తొలిచిన రాయిని ఎచటనో పోయవలయును. సిమెంటు, ఇనుము, యంత్రభాగములు మోయు పెద్దలారీలు సన్నని ఘాట్‌రోడ్డుపై ఏండ్ల తరబడి రేయింబవళ్లు నడువవలయును. పనివాండ్ర పాలెములు వెలయవలయును. వారికి నీరు, వైద్యము, అంగడి, పాయిఖానా వలయును. ఉన్న ఒక్క ప్రాథమిక వైద్యశాలపై ఈ బరువంతయు పడును. ఉన్న ఒక్క బాట నలిగిపోవును. నాలుగెకరముల పొలములో పది ఇండ్లు కట్టినవానికి ఉన్న బాధ్యత, కొండకడుపున 1350 మెగావాట్ల కేంద్రము కట్టువానికి లేదా? పట్టణమున చీమకు తూకము, కొండపై ఏనుగునకు తూకము లేదు!

ఈ న్యాయము మేము కొత్తగా కనిపెట్టినదియు కాదు. ఇంగ్లండున 1909 నాటి పట్టణయోజనా శాసనమే, ప్రజాధనముతో చేసిన పనులవలన భూమి విలువ పెరిగినచో ఆ పెరుగుదలలో సగము స్థానికసంస్థ రాబట్టుకొనవచ్చునని చెప్పెను. మన చెన్నరాజధానిలో 1920 నాటి పట్టణయోజనా శాసనమున బెటర్‌మెంటు చందా గలదు. 1996లో పార్లమెంటు చేసిన శాసనముననుసరించి ప్రతి పెద్ద కట్టడపు వ్యయములో నూటికి ఒక పాలు కట్టడపు కార్మికుల సంక్షేమమునకై సెస్సుగా వసూలు చేయసాగిరి. 2015లో గనుల శాసనమును సవరించి జిల్లా ఖనిజ నిధులను నెలకొల్పిరి: పాత కౌళ్లపై రాయల్టీలో నూటికి 30, వేలముపై ఇచ్చిన కొత్త కౌళ్లపై నూటికి 10, గనుల వలన నలిగిన ప్రజలకై, ప్రాంతములకై. గనికి న్యాయమైనది గాదెకు ఏల న్యాయము కాదు?

అన్నిటికంటె గొప్ప ప్రమాణము మన కొండలనుండియే వచ్చినది. అనంతగిరి మండలమున బొర్రా పరిసరములలో గనుల కౌళ్లపై 'సమత' సంస్థ నడపిన వ్యాజ్యమున 1997 జులై 11న సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఏజెన్సీ భూమిని గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు కౌలుకీయరాదని ఆ తీర్పు సారము. అంతటితో నిలువక, అట్టి ప్రాంతములలో సాగు పరిశ్రమ తన నికరలాభములో నూటికి 20 పాళ్లకు తక్కువ గాకుండ శాశ్వత నిధిగా ప్రక్కకు తీసి, నీటివసతి, పాఠశాల, ఆసుపత్రి, పారిశుద్ధ్యము, బాటల కొరకు వినియోగించవలెనని గూడ న్యాయమూర్తులు పలికిరి. ఇది దానము కాదు, పరిశ్రమ నడపుటలోనే ఒక భాగమని వారి భావము. దేశపు ఉన్నత న్యాయస్థానము 20 పాళ్లు తలచినచోట మన పాలకులు ఒక పాలునకు సహితము మనసొప్పకున్నారు.

ఇక ఆక్షేపణలకు వత్తము. "ఈ రుసుము తుదకు విద్యుత్తు ధరపై పడును, పట్టణపు పేదవాడు చెల్లించవలసివచ్చును" అందురు. లెక్క వేసి చూతము. మెగావాటుకు ఏడాదికి లక్షరూపాయలు రుసుమనుకొందము. 1350 మెగావాట్లకు ఏటికి 13 కోట్ల 50 లక్షలగును. యంత్రములు దినమునకు ఆరుగంటల చొప్పున 330 దినములు నడచినవనుకొనిన, దినమునకు 81 లక్షల యూనిట్లు, ఏటికి 267 కోట్ల యూనిట్లకు పైగా పుట్టును. రుసుమును యూనిట్లపై పంచిన యూనిటుకు అయిదు పైసలు! ఆ అయిదు పైసలచేత పట్టణము దివాలా తీయదు. ఆ పదమూడున్నర కోట్లచేత మాత్రము కొండపై ఏటికి ఎన్ని కల్వర్టులు, ఎన్ని వంతెనలు, ఎన్ని వైద్యబండ్లు నిలుచునో ఊహింపుడు. అరువదియేండ్లుగా కొండ మనకు చేసిన ఉపకారమునకు అయిదు పైసలు ఎక్కువయని చెప్పు నోరు ఎవరికైన నున్నచో, ఆ నోటితో సీతారామరాజు పేరు ఉచ్చరింపకుందురుగాక.

"జెన్కో ప్రభుత్వసంస్థయే కదా, ప్రభుత్వము ప్రభుత్వమునుండి రుసుము పుచ్చుకొనుట కుడిచేతినుండి ఎడమచేతికి మార్చుటయే" అని మరికొందరు. ఇది వినుటకు సొగసుగా నుండును. కాని ఖజానా వేరు, గ్రామసభ వేరు. ఖజానాలో పడిన రూపాయి రాజధాని చుట్టును ప్రదక్షిణము చేయును. కొండయెక్కు రూపాయికి ప్రత్యేకమైన త్రోవ వేయనిదే అది యెక్కదు. అందుచేతనే బాకీని ప్రాజెక్టు లెక్కలోనే వ్రాయవలెననుచున్నాము. పైపెచ్చు, ప్రభుత్వసంస్థ చెల్లింపకున్నచో రేపు వచ్చు ప్రైవేటు కంపెనీ దానినే మేలుబంతిగా చూపును.

మూడవ ఆక్షేపణ న్యాయవాదులది. హిమాచలప్రదేశము 2023లో జలవిద్యుత్కేంద్రములపై నీటిసెస్సు విధించుచు శాసనము చేయగా, అది విద్యుదుత్పత్తిపై పన్నే యనియు, రాష్ట్రమున కట్టి యధికారము లేదనియు ఆ రాష్ట్రపు హైకోర్టు 2024 మార్చిలో కొట్టివేసినది. ఈ తీర్పును మేము తేలికగా చూడము. కాని దానినుండి నేర్వవలసిన పాఠము "అడుగకుడు" అని కాదు, "సరియైన తీరున అడుగుడు" అని. పన్ను వేరు, రుసుము వేరు. పన్నుకు ప్రతిఫలము చూపనక్కరలేదు. రుసుమునకు సేవతో సంబంధముండవలెనని 1954లో శిరూరుమఠపు వ్యాజ్యమున సుప్రీముకోర్టు విడదీసి చెప్పినది. ఉత్పత్తియగు యూనిట్లపై గాక, యంత్రశక్తినిబట్టి, కలిగిన భారమునుబట్టి, ప్రాజెక్టు ఒడంబడికలోనే షరతుగా వ్రాసి, వసూలైన పైకమును ఆ తావుననే వెచ్చించు రుసుము పన్ను పేరున చిక్కుకొనదు. మనసున్నచో మార్గముండును.

ఈ విషయమున అమెరికావారి అనుభవము మనకు ఉపకరించును. అచట ఇండ్లు, అంగళ్లు కట్టువారినుండి బాటలకు, బడులకు రుసుములు గైకొనుట చిరకాలపు వాడుక. అందు దురాశయు ప్రవేశించినది. కాలిఫోర్నియాలో తన స్థలమున చిన్నయిల్లు నిలుపుకొనదలచిన యొక పౌరునిపై రోడ్లపేర 23,420 డాలర్ల రుసుము పడెను. అతని వ్యాజ్యమున 2024లో వారి సుప్రీముకోర్టు, శాసనరూపమున విధించిన రుసుములును పరీక్షకు అతీతములు కావని తీర్మానించెను. పరీక్ష రెండంచుల కత్తి: రుసుమునకును కట్టడము వలన కలుగు భారమునకును సంబంధముండవలెను, రుసుము ఆ భారమునకు ఇంచుమించు సమానముగ నుండవలెను. 1987లోను 1994లోను వచ్చిన తీర్పుల సారమది. మేము ఆ పరీక్షను మనసార ఆహ్వానింతుము. చిన్నయింటివానిపై పెద్ద రుసుము పాపమైనచో, పెద్దకేంద్రముపై సున్న రుసుమును పాపమే. సమానత యనునది రెండువైపుల తూగవలసిన తక్కెడ.

"ప్రభుత్వము బాటలు వేయుచునే యున్నది కదా" యను నాలుగవ ఆక్షేపణయు కలదు. 2025లో 'అడవితల్లి బాట' పేర వేయికోట్ల రూపాయల అంచనాతో గిరిజన గూడెములకు రోడ్లు తలపెట్టిరి. మేము సంతసించితిమి, ఆ పని చేయువారికి నమస్కరింతుము. కాని అది పౌరుడగుటచేత గిరిజనునకు సహజముగా రావలసిన హక్కు. సూరమ్మకు రావలసిన వాటాను సూరమ్మకే ఇచ్చి, అప్పు తీర్చితినని పేరమ్మకు చెప్పుట యెట్టి న్యాయము? బడి, ఆసుపత్రి, ఊరిబాట ప్రభుత్వధర్మము. ప్రాజెక్టు తెచ్చిన అదనపు భారము ప్రాజెక్టు ధర్మము. ఒకటి చూపి మరియొకటి ఎగవేయరాదు. అట్లే రుసుము వచ్చుచున్నదను మిషతో, 2013 శాసనప్రకారము గిరిజన ఉపప్రణాళికకు చెల్లవలసిన మొత్తమునుండి ఒక్క రూపాయియైనను తగ్గింపరాదు.

ఇప్పుడు మేమే మాపై వేసికొనవలసిన ఆక్షేపణ యొకటి గలదు. అది అన్నిటికంటె బరువైనది. నిధి పుట్టగానే నిధిని తినువారును పుట్టుదురు. కట్టడపు కార్మికులపేర వసూలైన వేలకోట్లు ఖర్చుగాక మూలుగుటను గూర్చి 2018లో సుప్రీముకోర్టు తీవ్రముగ మందలించవలసివచ్చినది. అడవిని కోల్పోయినందులకై చెల్లించు పరిహారపు సొమ్ము, 2016 శాసనముననుసరించి అటవీశాఖ చేతులమీదుగా పోవుచున్నది. అడవిలో బ్రదుకువాడు దూరమునుండి చూచుచున్నాడు. అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు, కొండసొమ్ముతో జిల్లాకేంద్రమున భవనములు లేచినచో ఈ వ్యాసము వ్రాసినందులకు మేము సిగ్గుపడవలసివచ్చును. కనుక తాళపుచెవి ఎవరియొద్ద నుండవలెనను ప్రశ్న రుసుమెంతయను ప్రశ్నకంటె ముఖ్యము. దానికి సమాధానము 1996 నాటి పెసా శాసనముననే యున్నది. ఏజెన్సీలో గ్రామసభయే మూలస్తంభమని ఆ శాసనము పలుకుచున్నది. కాబట్టి తాళము గ్రామసభదే కావలెను.

మరియొక మాట స్పష్టముగ చెప్పవలయును. రుసుము వేరు, సమ్మతి వేరు. రుసుము చెల్లించితిని గనుక గ్రామసభను సంప్రదింపనక్కరలేదని ఎవ్వరును అనరాదు. భూమి తీసికొనుటకు ముందు గ్రామసభను సంప్రదింపవలెనను నియమము ధర చెల్లించి కొనదగిన సరకు కాదు. వలదని చెప్పు హక్కును కొండవాని చేతినుండి లాగికొని, చేతిలో రూపాయి పెట్టుట న్యాయము కాదు, లంచము. మొదట అడుగుట, పిమ్మట ఒప్పుకొనుట, అటుపిమ్మట చెల్లించుట. ఈ వరుస తప్పరాదు.

కావున మా కోరికలు ఇవి. 2023 నాటి మినహాయింపు ఎట్లున్నను, డొంకరాయి జలాశయము నుపయోగించు కొత్త కేంద్రపు ఒడంబడికలో స్థానికనిధి షరతును రాష్ట్రప్రభుత్వము తనంత తానుగా చేర్చవలయును. ఇచ్చువానిని ఏ మార్గదర్శకసూత్రమును ఆపజాలదు. లాభములందుచున్న పాత నాలుగు కేంద్రములును తమ శక్తికి తగినట్లు ఆ నిధిలో పాలుపొందవలయును. మాచ్‌ఖండ్ ఉభయరాష్ట్రముల ఉమ్మడి సొత్తగుటచేత ఒడిశా కొండలకును ఆ పాలు చేరవలయును. మొదటి లారీ కొండయెక్కుటకు ముందే ఆ లారీ నలుపబోవు బాటను బలపరచవలయును, వైద్యశాలకు వైద్యుని, బండిని సమకూర్చవలయును. పని ముగిసిన పిదప చేసెదమను మాట నమ్మదగినది కాదు. నిధి లెక్కలను ఏటికి రెండుమారులు గ్రామసభలో, వినువారి నుడికారమున, బిగ్గరగా చదివి వినిపించవలయును. మూడేండ్లు ఖర్చుగాక నిలిచిన మొత్తమునకు సంబంధించిన అధికారి సంజాయిషీ ఈయవలయును.

ఇవి గొంతెమ్మ కోరికలా? పట్టణమున ఇండ్లస్థలముల వ్యాపారిని మనము అడుగుచున్నదానికంటె వీనిలో ఒక్కటియు ఎక్కువ కాదు.

పఠనమందిరమున కూర్చుండి ఈ పుటను చదువుచున్న సోదరులారా! కొండవారి మాట కొండవారే చెప్పుకొందురని ఊరకుండుట మనకు తగదు. బాకీపడినవారము మనము, అప్పిచ్చినవాడు తలుపు తట్టువరకు వేచియుండుట మర్యాదస్తుల లక్షణము కాదు. మీ పట్టణపు సభలలో ఈ విషయమును తీర్మానింపుడు. మీ శాసనసభ్యుని, పార్లమెంటు సభ్యుని అడుగుడు: నూటికి ఒక పాలును ఏల రద్దుచేసితిరి, అయిదు పైసలు ఏల బరువైనవి? విద్యుత్తుధరల విచారణకు నియంత్రణ సంఘము బహిరంగసభ జరుపునపుడు పోయి, యూనిటుకు అయిదు పైసలు కొండకై ఈయ మాకిష్టమేనని వాంగ్మూలమిండు. ధర తగ్గింపుడని అడుగువారిని ఆ సంఘము నిత్యము చూచుచున్నది. ధర్మమైన ధర ఈయుదుమను వారిని ఒక్కమారు చూచునుగాక.

నేటి సాయంకాలము దీపము వెలిగించునపుడు ఒక్క క్షణము మీట పై వ్రేలుంచి యోచింపుడు. ఆ వెలుగు ఏ కొండ కడుపునుండి వచ్చుచున్నదో, ఆ కొండపై ఈ రాత్రి ఎవరు ఎవరిని డోలీలో మోయుచున్నారో! లెక్కలు తెలిసినవారము, చదువుకొన్నవారము మనము. బాకీని బాకీయని ఒప్పుకొనుటతోనే తీర్చుట మొదలగును. డొంకరాయి పద్దు తెరచియే యున్నది.